అమ్మ చేతికి తిథి గడియారం: ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 11, 2025, శనివారం

బ్యాంగిల్ జేఎస్ 2 వాచీ ఇవాళ చేతికొచ్చింది. బ్రిటన్‌కు చెందిన గోర్డన్ విలియమ్స్ తయారుచేసిన ఎస్ప్రుయినో అనే జావాస్క్రిప్ట్ ఇంటర్‌ప్రెటర్ దీని లోపల నడుస్తుంది. ఫర్మ్‌వేర్ నుంచి యాప్‌ల దాకా కోడ్ దాదాపు అంతా ఓపెన్ సోర్స్. లోపలి చిప్ ఎన్ఆర్ఎఫ్ 52840, వేగం 64 మెగాహెర్ట్జ్. ర్యామ్ 256 కిలోబైట్లు, ఫైళ్లకు 8 మెగాబైట్ల ఫ్లాష్, 200 ఎంఏహెచ్ బ్యాటరీ. తెర 176 పిక్సెళ్ల చదరం, ఎనిమిదే రంగులు. ఫోన్ తెరలా మెరవదు కానీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నాకు కావాల్సింది అదే.

ఎందుకంటే ఇది అమ్మ కోసం. రోజూ పొద్దున్నే వంటింటి గోడ మీది క్యాలెండర్ దగ్గరకెళ్లి, కళ్లజోడు వెతుక్కుని, చిన్న అక్షరాల్లో తిథి చూసుకుంటుంది. కళ్లజోడు దొరక్కపోతే నన్ను పిలుస్తుంది: "నాన్నా, ఇవాళ తిథి ఏంటో చూసి చెప్పవా?" ఆ తిథి పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఆమె మణికట్టు మీదే కనిపించాలి. ఇంటర్నెట్ లేకుండా, ఫోన్ పక్కన లేకుండా. ఇదీ లక్ష్యం.

మొదటి రోజు పని సులువుగానే మొదలైంది. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, కోడ్ రాసి వాచీకి పంపే పేజీ అయిన ఎస్ప్రుయినో వెబ్ ఐడీఈలోకి వెళ్లి, బ్లూటూత్‌లో వాచీని కలిపాను. కేబుల్ లేదు, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. ఎడమవైపు ఒక ఆదేశం టైప్ చేసి ఎంటర్ కొట్టగానే వాచీ వణికింది. అమ్మను పిలిచి మళ్లీ వణికించి చూపించాను.

గంటసేపు కూర్చుని టైమ్ చూపించే చిన్న ప్రోగ్రామ్ రాశాను. బాగానే ఆడింది. పక్కన ఉన్న బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నానో లేదో పాత గడియారం తిరిగొచ్చింది, నా ప్రోగ్రామ్ వాచీలో లేదు. ఐడీఈ నుంచి పంపిన కోడ్ మామూలుగా ర్యామ్‌లోకే వెళ్తుంది. ఉండిపోవాలంటే స్టోరేజ్‌లో ఫైలుగా రాయమని విడిగా ఎంచుకోవాలి. నిజానికి ఈ పద్ధతి మంచిదే. ప్రయోగాలన్నీ ర్యామ్‌లో చేస్తే ఎంత తప్పు రాసినా బటన్ నొక్కితే పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్కటీ ముందే తెలుసుకుంటే చాలా టైమ్ మిగులుతుంది.

అక్టోబర్ 12, ఆదివారం

తెలుగు. రోజంతా దీనికే పోయింది.

కోడ్‌లో "ఆదివారం" అని రాసి తెర మీద వేయమంటే ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. ఊహించిందే. వాచీలో ఉన్న ఫాంట్లు ఇంగ్లీషు, యూరప్ అక్షరాల కోసం చేసినవి. ఒక కోడుకు ఒక బొమ్మ, దాని పక్కన ఇంకో బొమ్మ. తెలుగుకు అది కుదరదు. "ద"కు గుడి పెడితే తలకట్టు పోవాలి. "ప్త" రాయాలంటే త ఒత్తు ప కిందికి దిగాలి. ఫోన్లో, కంప్యూటర్లో ఈ పని చేసిపెట్టే పెద్ద లైబ్రరీలు ఉంటాయి. 256 కిలోబైట్ల ర్యామ్‌లో ఆ పని చేయించడం నా వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి వేరే దారి. నాకు కావాల్సిన మాటలు లెక్కపెడితే 25 మాత్రమే. పాడ్యమి నుంచి చతుర్దశి దాకా పద్నాలుగు, పౌర్ణమి, అమావాస్య, ఏడు వారాలు, శుద్ధ, బహుళ. ఒక్కో మాటనూ కంప్యూటర్ మీదే బొమ్మగా గీయించి, ఆ బొమ్మను వాచీలో పెడితే సరిపోతుంది. బ్రౌజర్‌లో కాన్వాస్ తీసుకుని, తెలుగు ఫాంట్‌తో మాట రాసి, ఒక్కో పిక్సెల్‌నూ నలుపో తెలుపో తేల్చే చిన్న స్క్రిప్ట్ రాశాను. ఒత్తులు, గుణింతాలు అన్నీ బ్రౌజరే చక్కగా పేర్చి ఇచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. 40 పిక్సెళ్ల ఎత్తు ఇచ్చినా, అసలు అక్షరానికి మిగిలేది 18 పిక్సెళ్లే. ఇంగ్లీషు అక్షరం అదే ఎత్తులో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

ముందు రామభద్ర ఫాంట్ ప్రయత్నించాను. బాగా లావు, దూరం నుంచి కనిపిస్తుందనుకున్నాను. ఆ లావుకు "షష్ఠి" కింద ఉన్న ఠ ఒత్తు మధ్యలో చుక్క పూడుకుపోయి నల్ల ముద్ద మిగిలింది. తర్వాత మండలి ఫాంట్. సన్నగా, అందంగా ఉంది కానీ నలుపు, తెలుపు మాత్రమే ఉన్నచోట తలకట్లు అక్కడక్కడా తెగిపోయాయి. చివరికి నోటో సాన్స్ తెలుగు, మధ్యస్థ మందంలో, నిలిచింది.

అదీ పూర్తిగా కాదు. "శుద్ధ" బొమ్మను పెద్దది చేసి చూస్తే, ధ ఒత్తును ద ఒత్తు నుంచి వేరుచేసే చిన్న నిలువు గీత మాయమైంది. అంటే తెర మీద ఉన్నది "శుద్ద". అమ్మ గమనించకపోవచ్చు, కానీ నేను రోజూ గమనిస్తాను. ఆ గీత కోసం రెండు పిక్సెళ్లు చేత్తో నలుపు చేశాను. పైది సరిపోలేదు, రెండోది పెట్టగానే అక్షరం ఒక్కసారిగా "ద్ధ" అయి కూర్చుంది. షష్ఠి చుక్క కోసం చుట్టూ నాలుగు పిక్సెళ్లు తెలుపు చేయాల్సి వచ్చింది. ఇలా 25 మాటల్నీ ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూసి దిద్దాను. కళ్లు లాగేశాయి. అయినా చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించినప్పుడు కూడా ఇంత దగ్గరగా నేను తెలుగును చూడలేదు.

బొమ్మలన్నీ కలిపి 16 కిలోబైట్ల చుట్టూ వచ్చాయి. అన్నిటినీ ఒకే ఫైలుగా పేర్చి, ఏ మాట ఎక్కడ మొదలవుతుందో ఒక పట్టికలో పెట్టాను. స్టోరేజ్ నుంచి ఫైలు మొత్తం కాకుండా, కావాల్సిన ముక్కను మాత్రమే చదవొచ్చు. ర్యామ్‌లో ఎప్పుడూ రెండు మూడు బొమ్మలకు మించి ఉండవు.

అక్టోబర్ 14, మంగళవారం రాత్రి

ప్రోగ్రామ్‌ను వాచీ ప్రధాన గడియారంగా పెట్టాను. టైమ్ వచ్చింది, "మంగళవారం" వచ్చింది. కానీ బటన్ నొక్కితే మెనూ రాదు. నొక్కి పట్టుకుంటే మళ్లీ గడియారమే తెరుచుకుంటుంది, అంటే నా ప్రోగ్రామే. బయటికి దారి లేదు. కాసేపు టెన్షన్ పడ్డాను.

కారణం ఒక్క వరుస. "నేను గడియారాన్ని, బటన్ నొక్కితే మెనూ చూపించు" అని సెట్ యూఐ ఆదేశంతో వాచీకి మనమే చెప్పాలి. అది రాయడం మరిచిపోయాను. అదృష్టవశాత్తూ బ్లూటూత్ పనిచేస్తూనే ఉంది. ఐడీఈ కలిపి, సెట్టింగ్స్ ఫైలును అక్కడి నుంచే తెరిచి, పాత గడియారం ఎంచుకున్నాను. ఇకపై ఏ కొత్త ఫైలులోనైనా ముందు ఆ వరుస రాశాకే మిగతాది.

అక్టోబర్ 18, శనివారం

నాలుగు రాత్రులు కూర్చుంటే తిథి లెక్క దారికొచ్చింది. ఇది ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం, కొంచెం వివరంగా రాసుకుంటాను.

సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడన్నదే తిథి. ఇద్దరి మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. 360ని 12తో భాగిస్తే 30 తిథులు. అమావాస్య ముగిసే క్షణంలో ఆ కోణం సున్నా, పౌర్ణమి ముగిసే క్షణంలో 180. ఇది ఇద్దరి స్థానాల తేడా కాబట్టి సాయన, నిరయన (రాశిచక్రాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న రెండు పద్ధతులు) గొడవ లేదు, ఆ రెంటి మధ్య తేడా అయిన అయనాంశ ఎంత తీసుకున్నా తీసివేతలో పోతుంది. నక్షత్రం చూపించాలంటే అయనాంశ కావాలి. అందుకే ప్రస్తుతానికి నక్షత్రం జోలికి పోవడం లేదు.

సగటున ఒక తిథి 23 గంటల 37 నిమిషాలు. చంద్రుడు ఒకే వేగంతో నడవడు కాబట్టి ఒక తిథి ఇరవై గంటల్లోనే అయిపోవచ్చు, ఇంకొకటి దాదాపు ఇరవై ఏడు గంటలు సాగొచ్చు. పంచాంగకర్తలు సగటు వేగంతో వచ్చిన స్థానాన్ని మధ్యమం అంటారు, సంస్కారాలు చేశాక వచ్చే అసలు స్థానాన్ని స్ఫుటం అంటారు. నేను చేయాల్సిందీ అదే. మధ్యమ చంద్రుడికి సైన్ టర్ములు (కోణాన్ని కొంచెం కొంచెంగా సవరించే లెక్కలు) కలుపుకుంటూ స్ఫుట చంద్రుడి దగ్గరకు వెళ్లడం.

సరిచూసుకోవడానికి గ్రహణాలను వాడుకున్నాను. చంద్రగ్రహణం పౌర్ణమి ముగిసే వేళనే వస్తుంది, దాని సమయాలు అందరికీ తెలిసినవి. మొన్న సెప్టెంబర్ 7 రాత్రి మన మేడ మీద నుంచి కూడా కనిపించిన సంపూర్ణ చంద్రగ్రహణానికి పౌర్ణమి క్షణం 11 గంటల 39 నిమిషాలు.

మొదట చంద్రుడికి ఒక్కటే టర్ము వేశాను, 6.289 డిగ్రీలది. సూర్యుడికి 1.915ది. వాచీ చెప్పిన పౌర్ణమి దాదాపు రెండున్నర గంటలు ఆలస్యం. కోణంలో తప్పు 1.3 డిగ్రీలే, కానీ చంద్రుడు ఆ కాస్తా దాటడానికి అంతసేపు పడుతుంది. రెండో పెద్ద టర్ము 1.274ది. అది, మరో నాలుగూ కలిపి మొత్తం ఆరు చేస్తే తేడా పావుగంటకు దిగింది. ఇంకో ఏడు చిన్నవి కలిపి పదమూడు చేస్తే అయిదు నిమిషాలే మిగిలింది. అక్కడ ఆగాను. అయిదు నిమిషాల తేడా అమ్మకు అడ్డు కాదు.

ఈ నాలుగు రాత్రుల్లో ఒకటి పూర్తిగా వేరే తప్పు వెతకడానికి పోయింది. అన్ని తిథులూ అయిదున్నర గంటలు అటుగా వస్తున్నాయి. అయిదున్నర అని కనబడగానే అర్థం కావాల్సింది. మన టైమ్‌ను గ్రీనిచ్ టైమ్ అనుకుని లెక్కలోకి పంపుతున్నాను. ఫార్ములా కోరేది 2000 జనవరి 1 మధ్యాహ్నం, గ్రీనిచ్ లెక్కన, అక్కడి నుంచి ఎన్ని రోజులన్నది. వాచీలో గెట్‌టైమ్ ఆదేశం ఇచ్చే, 1970 మొదలు నుంచి లెక్కపెట్టిన సెకన్లలో నుంచి 94,67,28,000 తీసేసి 86,400తో భాగిస్తే నేరుగా ఆ రోజులు వస్తాయి. టైమ్ జోన్ కలపాల్సింది చివర్లో, తెర మీద చూపించేటప్పుడు మాత్రమే.

ఇంకోటి. తిథి ఎప్పుడు ముగుస్తుందో కనుక్కోవడానికి అరగంట చొప్పున ముందుకు జరుగుతూ వెతికించాను. ల్యాప్‌టాప్‌లో అది కంటికి ఆనని పని. వాచీలో తెర రెండు మూడు సెకన్లు బిగుసుకుపోయింది. ఎస్ప్రుయినో మన కోడ్‌ను రాసినట్టే చదువుకుంటూ నడుపుతుంది, పైగా ఈ చిప్‌లో దశాంశ లెక్కల యూనిట్ చిన్న దశాంశాలకే, జావాస్క్రిప్ట్ వాడే పెద్ద దశాంశాలకు పనికిరాదు. అందుకని పద్ధతి మార్చాను. మిగిలిన డిగ్రీలను సగటు వేగం 12.19తో భాగించి ఒక అంచనా వేయడం, అక్కడ మళ్లీ కోణం చూసి దిద్దుకోవడం. నాలుగుసార్లకే నిమిషం లోపలికి వచ్చేస్తోంది. ముగింపు సమయం ఒకసారి తెలిశాక దాన్ని దాచుకుంటే, అది వచ్చేదాకా మళ్లీ లెక్క వేయక్కర్లేదు.

అక్టోబర్ 20, దీపావళి

పొద్దున్నే వాచీ అమ్మ చేతికి పెట్టాను. మురిసిపోయింది. సాయంత్రం దీపాలు పెడుతూ మణికట్టు చూసుకుని, "ఇదేంటి నాన్నా, దీపావళి నాడు చతుర్దశి అంటోంది?" అంది.

నేను రాసింది సూర్యోదయ తిథి. పంచాంగంలో ఆ రోజు తిథి అంటే సూర్యోదయానికి ఉన్నదే కదా అని ఉదయం ఆరుకు ఉన్న తిథిని తీసుకుని రోజంతా అదే చూపించమన్నాను. ఇవాళ సూర్యోదయానికి చతుర్దశే ఉంది, మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో అమావాస్య వచ్చింది. దీపావళికి చూడాల్సింది సాయంత్రం ఉన్న అమావాస్య. లెక్క తప్పు కాదు, అయినా అమ్మకు తప్పు తిథి చూపించినట్టే అయింది.

టపాసుల మోత మధ్యనే కూర్చుని మార్చాను. ఇప్పుడు పెద్ద అక్షరాల్లో ఈ క్షణాన నడుస్తున్న తిథి, దాని కింద అది ఎన్ని గంటల దాకా ఉంటుందో. గోడ క్యాలెండర్‌లో కూడా తిథి పక్కన ముగింపు సమయం ఉంటుంది. ఇన్నేళ్లుగా అమ్మ చూసేది ఆ రెండూ కలిపే అని ఇవాళే తెలిసింది.

అక్టోబర్ 21, మంగళవారం

అమావాస్య ముగింపు సాయంత్రం 5 గంటల 55 నిమిషాలకు. ఇద్దరం వరండాలో కూర్చుని వాచీ చూస్తూ ఉన్నాం. 55 అయింది, 56 అయింది, 57 అయింది. 58కి "అమావాస్య" పోయి "శుద్ధ పాడ్యమి" వచ్చింది. "కార్తీకం వచ్చేసింది" అంది అమ్మ. మూడు నిమిషాల తేడా! పదమూడు సైన్ టర్ములతో ఇంత దగ్గరకు వస్తుందనుకోలేదు.

అక్టోబర్ 25, నాగుల చవితి

అమ్మ తెల్లవారకముందే పుట్టకు బయలుదేరింది, చేతికి వాచీ ఉంది. వెళ్తూ వెళ్తూ "చార్జింగ్ తగ్గిపోతోంది చూడు" అని చెప్పి వెళ్లింది.

తిరిగొచ్చాక చూస్తే నిజమే. పరీక్ష కోసం సెకనుకోసారి తెర గీయించిన వరుస తీసేయకుండా వదిలేశాను. ఈ తెర ఒకసారి గీసిన బొమ్మను చాలా తక్కువ కరెంటుతో అలాగే పట్టి ఉంచుతుంది. ప్రాసెసర్‌ను మాటిమాటికీ లేపితేనే బ్యాటరీ అయిపోతుంది. నిమిషం మారేదాకా ఎన్ని మిల్లీసెకన్లు ఉన్నాయో చూసుకుని, సరిగ్గా అప్పుడు లేచేలా మార్చాను. గీశాక మళ్లీ అంతే.

అక్టోబర్ 26, ఆదివారం

ఇక దీన్ని సరైన యాప్‌గా కట్టాలి. ఇంకొకరు కూడా పెట్టుకోగలగాలి. బ్యాంగిల్ యాప్‌లన్నీ ఉన్న రిపాజిటరీని (కోడ్ భాండాగారం) గిట్‌హబ్‌లో నా ఖాతాలోకి ఫోర్క్, అంటే కాపీ చేసుకుని, దాన్ని వెబ్ పేజీగా చూపించే గిట్‌హబ్ పేజెస్ ఆన్ చేస్తే మనకే సొంతంగా ఒక యాప్ లోడర్ వస్తుంది. దాన్ని ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో తెరిచి, ఒక బటన్ నొక్కితే యాప్ వాచీలోకి వెళ్తుంది. ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ లేదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి కుదరదు.

యాప్ అంటే ఒక ఫోల్డర్. అందులో కోడ్, ఐకాన్, బొమ్మల ఫైలు, వీటన్నిటి గురించి చెప్పే మెటాడేటా ఫైలు. రకం "క్లాక్" అని అందులో రాయాలి, లేకపోతే సెట్టింగ్స్‌లోని గడియారాల జాబితాలో కనపడదు. వాచీలో ఫైలు పేరు 28 అక్షరాలు దాటకూడదు. రిపాజిటరీలోనే ఒక తనిఖీ స్క్రిప్ట్ ఉంది, అది నడిపితే ఏ ఫైలు లేదో, ఏ కామా తప్పిపోయిందో ముందే చెబుతుంది. నాకు రెండు తప్పులు పట్టిచ్చింది. ప్రతి మార్పుకూ వెర్షన్ నంబర్ పెంచాలి. అప్పుడే లోడర్ "అప్‌డేట్ ఉంది" అని చూపిస్తుంది.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుఫాను ఈ రాత్రి తీరం దాటుతుందంటున్నారు. ఇక్కడ విజయవాడలో పొద్దుటి నుంచి వాన, సాయంత్రం నుంచి కరెంటు లేదు. వాచీలో గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉందని గుర్తొచ్చి, ల్యాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగ్‌తో పావుగంటకోసారి పీడనాన్ని ఫైలులో రాసిపెట్టే పది వరుసల ప్రోగ్రామ్ రాశాను. రాత్రి పొద్దుపోయేదాకా అంకె దిగుతూనే ఉంది. చీకట్లో అమ్మ, నేను ఆ అంకె చూసుకుంటూ కూర్చున్నాం. కోనసీమలో ఉన్న పెద్దమ్మ వాళ్లకు ఫోన్ కలవలేదు.

అక్టోబర్ 29

పెద్దమ్మ వాళ్లతో మాట్లాడాం. అరటి తోట పడిపోయిందట, మనుషులు క్షేమం.

నవంబర్ 1, శనివారం

"ఏకాదశి ఉపవాసం ఇవాళా, రేపా? నీ వాచీ ఏమంటోంది?" అని అమ్మ అడిగింది. ఉదయం దశమి ఉంది, తొమ్మిది దాటాక ఏకాదశి వచ్చింది, రేపు పొద్దున్న ఏడున్నర దాకా ఉంటుంది. ఉపవాసం ఎప్పుడో చెప్పే పని వాచీకి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. దానికి సంప్రదాయాన్ని బట్టి నియమాలున్నాయి, ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. దృక్ గణితంతో (ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయే లెక్కతో) వేసిన పంచాంగానికీ, పూర్వ సిద్ధాంతంతో (పాత గ్రంథాల లెక్కతో) వేసినదానికీ ముగింపు సమయాలే కలవవు, కొన్నిసార్లు గంటల్లో తేడా వస్తుంది. నాది దృక్ లెక్క. యాప్ వివరణలో ఆ మాట మొదటి వాక్యంగా రాసిపెట్టాను. అమ్మ గుడిలో పంతులుగారిని అడిగి తెలుసుకుంది.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

వెర్షన్ 0.07. నిన్న రాత్రి చేసిన చివరి మార్పు అమ్మ అడిగిందే. తిథి మారినప్పుడు వాచీ ఒక్కసారి మెల్లగా వణకాలి, కానీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం నాలుగున్నర దాకా వద్దు.

సాయంత్రం కృష్ణ ఒడ్డున మెట్ల మీద ఉన్నాం. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి అందరూ నీళ్లలో వదులుతున్నారు. పౌర్ణమి ముగింపు 6 గంటల 49 నిమిషాలకని పంచాంగం. అమ్మ దీపం వదిలి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటుండగా మణికట్టు వణికింది. 6 గంటల 51 నిమిషాలు. "బహుళ పాడ్యమి" అని తనే పైకి చదివింది, కళ్లజోడు లేకుండా.

పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ వంగి చూసి, "ఇది మాక్కూడా దొరుకుతుందా అమ్మా?" అని అడిగింది. వాచీ ఎక్కడి నుంచి తెప్పించుకోవాలో, లోడర్‌ను ఏ ఫోన్‌లో తెరవాలో వాళ్ల మనవడికి చెప్పి వచ్చాను. ఆవిడ నక్షత్రం కూడా కావాలన్నారు. ఇక అయనాంశ లెక్క మొదలుపెట్టాలి, ఇంకో 27 మాటలకు బొమ్మలు గీయాలి. జ్యేష్ఠలో ఠ ఒత్తు మళ్లీ వస్తుంది.